కణజాలం నుంచి గ్రిడ్ దాకా: ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ నేర్చుకోవడం, నేర్పడం

ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పనిలో తప్పు జరిగేది ఒక రోజు, కంటబడేది ఇంకో రోజు. సోమవారం ముక్క కాస్త పెద్దదిగా కోశారనుకోండి. ఆ సంగతి పది రోజుల తర్వాత, స్క్రీన్ మీద మైటోకాండ్రియా బుడగల్లా ఉబ్బి కనిపించినప్పుడు గానీ తెలియదు. ఈలోపు ఫిక్సేషన్ (కణజాలం చెడకుండా రసాయనాలతో బిగించడం), ఆస్మియం (కొవ్వు పొరలను బిగించే లోహ సమ్మేళనం), ఆల్కహాల్, రెసిన్ (ఓవెన్‌లో గట్టిపడే జిగురు ద్రవం), కోత, స్టెయిన్ (కాంట్రాస్ట్ కోసం లోహ లవణాలు పట్టించడం) అన్నీ దాటిపోయి ఉంటాయి. ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవాలంటే మీరు ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుని ఉండాలి, లేదా అదే తప్పును ఇదివరకు చూసినవాళ్లు పక్కన ఉండాలి. రెండూ ఉంటే మరీ మంచిది. కింద చెప్పిన పద్ధతి ఆ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని రాసింది: కొత్తగా చేరినవాళ్లు ఏ వరసలో నేర్చుకోవాలి, ఏ మెట్టు దగ్గర ఏం చెడుతుంది, తెలిసినది మిగతావాళ్లకు అందేలా ఎలా దాచాలి.

నేర్చుకోవడం చివరి మెట్టు నుంచి

చాలా ల్యాబుల్లో కొత్తవాళ్లకు మొదటి రోజే ఫిక్సేటివ్ కలపడం చూపిస్తారు. అది తలకిందుల వరస. మంచి ఫిక్సేషన్ ఎలా కనిపిస్తుందో తెలియనివాళ్లు ఫిక్సేషన్ నేర్చుకుని ఏం సరిచూసుకుంటారు? చివరి నుంచి మొదలుపెట్టండి.

1. ముందు, ఎవరో సెక్షన్లు (అతి పలచని కోతలు) ఎక్కించిపెట్టిన మంచి గ్రిడ్లను (వాటిని మోసే చిన్న లోహపు జల్లెడలను) స్టెయిన్ చేసి మైక్రోస్కోప్‌లో చూడండి. స్టెయిన్ మురికి, చిరిగిన సెక్షన్, మంచి సెక్షన్ మధ్య తేడా కంటికి అలవాటు కావాలి.
2. తర్వాత, సిద్ధంగా ఉన్న బ్లాకు (కణజాలం ఇమిడ్చి గట్టిపరిచిన రెసిన్ ముక్క) నుంచి సెక్షన్లు కోయండి. మొదట గాజు కత్తితో, చెయ్యి కుదిరాకే డైమండ్ నైఫ్‌తో.
3. ఆపైన డీహైడ్రేషన్ (ఆల్కహాల్‌తో నీరు తీసేయడం), రెసిన్.
4. చిట్టచివర ఫిక్సేషన్.

ఇందుకు ల్యాబులో అందరికీ ఉమ్మడిగా సాధన బ్లాకులు ఉండాలి. ఎలుక కాలేయం దీనికి బాగా పనికొస్తుంది: మైటోకాండ్రియా, రఫ్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, గ్లైకోజెన్, కేంద్రకం అన్నీ ఒకే కణంలో దొరుకుతాయి, అవి ఎలా ఉండాలో అందరికీ తెలుసు. చెయ్యి తిరిగినవాళ్లు ఒకే విడతలో ముప్పై నలభై బ్లాకులు చేసి పెట్టెలో ఉంచాలి. వాటి నుంచి కోసిన సెక్షన్ బాగా రాకపోతే తప్పు కోతదే, కణజాలానిది కాదని నిస్సందేహంగా చెప్పొచ్చు. ఒక్కో మెట్టు దాటడానికి కొలత కూడా ముందే పెట్టుకోండి. ఉదాహరణకు, వెండి రంగులో (అంటే 60 నుంచి 90 నానోమీటర్ల మందంలో) పది సెక్షన్ల రిబ్బన్ (ఒకదాని వెంట ఒకటి అతుక్కుని వచ్చే వరస) తెగకుండా వరసగా మూడుసార్లు తీయగలిగితేనే డైమండ్ నైఫ్ చేతికివ్వడం.

ఫిక్సేషన్

1963లో సబాతిని, బెన్ష్, బార్నెట్ గ్లూటరాల్డిహైడ్‌ను ప్రవేశపెట్టేదాకా ఎక్కువమంది ఆస్మియంతోనే మొదలుపెట్టేవాళ్లు. గ్లూటరాల్డిహైడ్ ప్రొటీన్లను గట్టిగా అల్లేస్తుంది, కానీ లోపలికి నెమ్మదిగా ఇంకుతుంది. పారాఫార్మాల్డిహైడ్ త్వరగా ఇంకుతుంది, దాని పట్టు మాత్రం బలహీనం. అందుకే రెండూ కలిపి వాడతాం.

100 మి.లీ. ఫిక్సేటివ్‌కు: 25% గ్లూటరాల్డిహైడ్ 10 మి.లీ., 16% పారాఫార్మాల్డిహైడ్ 12.5 మి.లీ., 0.2 మోలార్ సోడియం కాకోడిలేట్ బఫర్ (పీహెచ్ 7.4) 50 మి.లీ., శుద్ధ జలం 27.5 మి.లీ. దీంతో చివరకు 2.5% గ్లూటరాల్డిహైడ్, 2% పారాఫార్మాల్డిహైడ్, 0.1 మోలార్ బఫర్ వస్తాయి. రెండు ఆల్డిహైడ్లూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ గ్రేడువే, సీల్ వేసిన గాజు ఆంప్యూల్ నుంచే తీసుకోండి. నెలల తరబడి తెరిచి ఉంచిన సీసాలో గ్లూటరాల్డిహైడ్ పాలిమర్‌గా మారిపోయి ఉంటుంది, అది కణజాలంలోకి సరిగా దిగదు. ఫిక్సేటివ్‌ను వాడే రోజే కలపండి.

కాకోడిలేట్‌లో ఆర్సెనిక్ ఉంది. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే తూచండి, బలమైన ఆమ్లాల దగ్గరకు రానివ్వద్దు, సింకులో పారబోయొద్దు. ఫాస్ఫేట్ బఫర్ విషం కాదు, చవక కూడా. అయితే కాల్షియంతోనూ, తర్వాత వచ్చే యురానిల్ అసిటేట్‌తోనూ కలిసి అవక్షేపం ఇస్తుంది. కడగడం మీద నమ్మకం ఉంటే ఫాస్ఫేట్ వాడండి.

పని ఇలా సాగుతుంది. కణజాలం బయటికి తీయగానే ఫిక్సేటివ్ చుక్కలో పెట్టి, ఆ చుక్కలోనే కొత్త రేజర్ బ్లేడుతో ముక్కలు చేయండి. ముక్క 1 మి.మీ. ఘనం మించకూడదు, కనీసం ఒక వైపు మందం 0.5 మి.మీ. ఉంటే ఇంకా మంచిది. బ్లేడును కిందికి నొక్కకుండా, లాగుతూ కోయండి. నొక్కితే అంచుల్లోని కణాలు నలిగిపోతాయి, తర్వాత మీరు ఫొటో తీసేది సరిగ్గా ఆ అంచులనే. ఫిక్సేటివ్ పరిమాణం కణజాలానికి కనీసం పదింతలు ఉండాలి. మొదటి గంటా రెండు గంటలూ గది ఉష్ణోగ్రతలోనే ఉంచండి, ఎందుకంటే చలికి మైక్రోట్యూబ్యూల్స్ విడిపోతాయి. ఆ తర్వాత 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచొచ్చు.

కల్చర్‌లో పెంచిన కణాలైతే ఫిక్స్ చేశాక మెల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి, బఫర్‌తో కడిగి, గోరువెచ్చని 2% తక్కువ ద్రవీభవన ఉష్ణోగ్రత అగరోజ్‌లో కలిపి మళ్లీ అడుక్కి దించండి. గడ్డకట్టాక చిన్న ఘనాలుగా కోస్తే ఆపైన కణజాలం లాగే చూసుకోవచ్చు. అగరోజ్ లేకుండా వట్టి పెల్లెట్‌తో కుస్తీ పడితే ప్రతి ఆల్కహాల్ మార్పులోనూ కొన్ని కణాలు పారబోసుకుంటారు.

చెడితే ఎలా కనిపిస్తుంది? మైటోకాండ్రియా ఉబ్బి, క్రిస్టే (వాటి లోపలి మడతలు) చెదిరి, సైటోప్లాజం బోసిగా ఉంటే ఆలస్యంగా ఫిక్స్ అయి ఉంటుంది, లేదా బఫర్ ఆస్మోలారిటీ (కరిగిన పదార్థాల మొత్తం గాఢత) తక్కువ. కణాలు ముడుచుకుని, వాటి మధ్య ఖాళీలు పెరిగి, అంతా చిక్కగా ముదురుగా ఉంటే ఆస్మోలారిటీ ఎక్కువ. క్షీరదాల కణజాలానికి బఫర్ సుమారు 300 మిల్లీఆస్మోల్స్ దగ్గర ఉండేలా సుక్రోజ్‌తో సరిచేస్తారు. ముక్క అంచు బాగుండి లోపల మాత్రం పాడైతే ముక్క పెద్దదైంది. ఇంకో కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఆస్మియం

ఇక్కడ చెయ్యి కంటే జాగ్రత్త ముఖ్యం. ఆస్మియం టెట్రాక్సైడ్ ఆవిరి కంటి కార్నియానూ ఊపిరితిత్తులనూ కణజాలాన్ని ఫిక్స్ చేసినట్టే ఫిక్స్ చేస్తుంది. ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, రెండు జతల నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా ఆంప్యూల్ విరవొద్దు. కొత్తవాళ్లు మొదటి మూడుసార్లు తెలిసినవాళ్లు పక్కనుండగానే చేయాలి, ఒంటరిగా అసలు వద్దు.

ముందుగా కణజాలాన్ని 0.1 మోలార్ బఫర్‌తో మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు కడగండి. గ్లూటరాల్డిహైడ్ మిగిలితే ఆస్మియంతో చర్య జరిపి సెక్షన్ అంతా మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు వస్తాయి. తర్వాత 4% ఆస్మియం ఒక వంతు, 0.2 మోలార్ బఫర్ రెండు వంతులు, నీళ్లు ఒక వంతు కలిపితే 1% ద్రావణం వస్తుంది. అందులో ఒక గంట, ముక్క పెద్దదైతే గంటన్నర ఉంచండి. ఆంప్యూల్ ద్రావణం లేత పసుపుగా తేటగా ఉండాలి. నల్లగానో ఊదాగానో మారితే ఆస్మియం క్షయకరణం చెందినట్టు, వాడొద్దు. మురికి గాజు వల్ల కూడా ఇలా జరుగుతుంది కాబట్టి సీసాలు కొవ్వు లేకుండా శుభ్రంగా ఉండాలి. పొరలు ఇంకా స్పష్టంగా కావాలంటే 1.5% పొటాషియం ఫెర్రోసయనైడ్ కలపండి.

వాడేసిన ఆస్మియంను మొక్కజొన్న నూనె వంటి అసంతృప్త నూనె ఉన్న సీసాలో పోయండి. నూనెలోని ద్విబంధాలు ఆస్మియాన్ని పట్టేస్తాయి, మిశ్రమం నల్లబడుతుంది. నల్లబడ్డంత మాత్రాన సింకులో పోయొచ్చని కాదు, అది ప్రమాదకర వ్యర్థాల డబ్బాలోకే వెళ్లాలి. ఆస్మియం తాకిన పిపెట్ మొనలూ గ్లోవ్స్ కూడా హుడ్ దాటి రాకూడదు.

ఆ తర్వాత నీళ్లతో మూడుసార్లు కడగండి. బఫర్‌తో కాదు, నీళ్లతోనే. ఫాస్ఫేట్ మిగిలి ఉంటే యురానిల్ అసిటేట్ పోయగానే అవక్షేపమవుతుంది. ఇప్పుడు 1% యురానిల్ అసిటేట్ నీటి ద్రావణంలో, చీకట్లో, ఒక గంట. ఇది తప్పనిసరి కాదు గానీ పొరల కాంట్రాస్ట్ బాగా పెరుగుతుంది. కాలేయం లాంటి వాటిలో గ్లైకోజెన్ చూడాలంటే మాత్రం ఈ మెట్టు వదిలేయండి, బ్లాక్ దశలో యురానిల్ పడితే గ్లైకోజెన్ కరిగిపోతుంది.

ఆల్కహాల్, రెసిన్

ఇథనాల్ 30, 50, 70, 90 శాతాల్లో ఒక్కోదానిలో పది నిమిషాలు. తర్వాత అచ్చమైన ఇథనాల్ మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు. చివరి మూడింటికి అప్పుడే తెరిచిన సీసా, లేదా మాలిక్యులర్ సీవ్ (నీటిని పీల్చే గింజలు) మీద ఆరబెట్టిన ఆల్కహాల్ కావాలి. 'అబ్సల్యూట్' అని లేబుల్ ఉన్నా నెల రోజులుగా తెరిచి మూస్తున్న సీసాలో నీరు చేరుతుంది. బ్లాకులు మెత్తబడటానికి ఎక్కువసార్లు కారణం అదే, కాని అందరూ ముందు నిందించేది రెసిన్‌నే. ద్రావణం మార్చేటప్పుడు ముక్క గాలికి ఆరకూడదు. పాతది తీసి కొత్తది పోసే మధ్యలో ఫోన్ ఎత్తొద్దు.

ఇథనాల్ నుంచి ప్రొపిలీన్ ఆక్సైడ్‌లోకి, పది నిమిషాల చొప్పున రెండుసార్లు. ఇది 34 డిగ్రీలకే మరిగే ద్రవం, ఇట్టే అంటుకుంటుంది, పాలీస్టైరీన్‌ను కరిగించేస్తుంది. గాజు సీసాల్లోనే, హుడ్‌లోనే వాడండి. వద్దనుకుంటే అసిటోన్‌తో సరిపెట్టుకోవచ్చు.

ఎపాన్ రకం రెసిన్‌ను 1961లో లుఫ్ట్ పరిచయం చేశాక అదే మామూలు ఎంపిక అయింది. అసలు ఎపాన్ 812 తయారీ ఆగిపోయింది; ఇప్పుడు దొరికేవి దాని ప్రత్యామ్నాయాలు. మధ్యస్థ గట్టిదనానికి ఒక వాడుక కొలత: రెసిన్ 20 మి.లీ., దాన్ని గట్టిపరిచే డీడీఎస్‌ఏ 16 మి.లీ., ఎన్‌ఎంఏ 8 మి.లీ., చివర్లో యాక్సిలరేటర్ (గట్టిపడటాన్ని వేగిరపరిచేది) డీఎంపీ-30 0.8 మి.లీ. మీ కిట్ కాగితంలో వేరే కొలత ఉంటే దాన్నే అనుసరించండి, లాటు లాటుకీ కొంత మారుతుంది. సూత్రం గుర్తుంటే చాలు: డీడీఎస్‌ఏ పెరిగితే బ్లాక్ మెత్తన, ఎన్‌ఎంఏ పెరిగితే గట్టి, డీఎంపీ-30 ఎక్కువైతే ముదురు రంగుకు మారి పెళుసు. చిక్కటి ద్రవాలను సిలిండర్‌లో కొలిస్తే గోడలకు అంటుకున్నది లెక్కలోకి రాదు, అందుకే కిట్ కాగితంలో బరువులు ఇచ్చి ఉంటే ఆ బరువుల ప్రకారం తూచండి. కాసేపు వేడి చేస్తే పలచబడి బాగా కలుస్తాయి. యాక్సిలరేటర్ వేశాక పది నిమిషాలైనా నిదానంగా కలపాలి. చారలు కనిపిస్తుంటే ఇంకా కలవనట్టే.

ఇంకించడం: రెసిన్, ప్రొపిలీన్ ఆక్సైడ్ సమపాళ్లలో రెండు గంటలు, రెసిన్ రెండు వంతులు, ప్రొపిలీన్ ఆక్సైడ్ ఒక వంతు రాత్రంతా, అచ్చమైన రెసిన్ రెండు మార్పులు, ఒక్కోటి మూడు నాలుగు గంటలు. మొక్కల కణజాలానికి ఈ వేళలు సరిపోవు, కణగోడ అడ్డం. అక్కడ ఇంకా పలచనైన స్పర్ రెసిన్ తీసుకుని రోజుల తరబడి ఇంకించాలి. తర్వాత అచ్చులో పోసి, పెన్సిల్‌తో రాసిన లేదా లేజర్ ప్రింటర్‌తో అచ్చు వేసిన చిన్న చీటీని రెసిన్‌లోనే ముంచి పెట్టండి. పెన్ను సిరా రెసిన్‌లో కరిగిపోతుంది. అప్పుడు చేతిలో పన్నెండు బ్లాకులుంటాయి, ఏది కంట్రోలో ఎవరికీ తెలియదు. 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు.

గోరుతో నొక్కితే గుంట పడకూడదు. పడితే మరో 24 గంటలు ఓవెన్‌లో ఉంచి చూడండి. అప్పటికీ మెత్తగానే ఉంటే మిశ్రమంలోనో ఆల్కహాల్‌లోనో లోపం, ఓవెన్ చేసేదేమీ లేదు. కోసేటప్పుడు కణజాలం ఊడిపోయి చుట్టూ రెసిన్ మాత్రమే నిలిస్తే లోపలికి రెసిన్ ఇంకలేదు. మిగిలిన రెసిన్‌ను సిరంజిల్లో నింపి మైనస్ 20 డిగ్రీల్లో దాచుకోవచ్చు. తీశాక పూర్తిగా గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా తెరవొద్దు, లేకపోతే గాలిలోని తేమ దానిమీద పేరుకుంటుంది. గడ్డకట్టని రెసిన్ చర్మానికి అలర్జీ తెస్తుంది, ఒకసారి వచ్చిందంటే జీవితాంతం వదలదు. గ్లోవ్ మీద పడగానే గ్లోవ్ మార్చండి. వ్యర్థ రెసిన్‌ను కూడా ఓవెన్‌లో గట్టిపరిచాకే పారేయాలి.

కోత

అసలు నైపుణ్యం ఇక్కడే. చదివి నేర్చుకునేది కొంత, చేత్తో నేర్చుకునేదే ఎక్కువ.

బ్లాకును స్టీరియో మైక్రోస్కోప్ కింద రేజర్ బ్లేడుతో పిరమిడ్ ఆకారానికి చెక్కండి. ముఖం ట్రపీజియం ఆకారంలో, పెద్ద భుజం కిందికి, వెడల్పు అర మిల్లీమీటరు లోపు. పైభుజం, కిందిభుజం ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే రిబ్బన్ వంకర తిరుగుతుంది. రిబ్బన్ అసలు ఏర్పడకుండా సెక్షన్లు విడివిడిగా తేలుతుంటే కూడా ముందు ఈ భుజాలనే చూడండి. ముఖం ఎంత చిన్నదైతే కోత అంత సుఖం. కొత్తవాళ్లు ముఖాన్ని పెద్దదిగా ఉంచుకుని 'ఎక్కువ చూడొచ్చు' అనుకుంటారు, చివరికి ఏదీ చూడరు.

గాజు కత్తితో ముందు 0.5 నుంచి 1 మైక్రాన్ మందం సెక్షన్లు తీసి, స్లైడు మీద వేడికి ఆరబెట్టి, 1% బోరాక్స్‌లో 1% టొలుయిడిన్ బ్లూతో కొన్ని సెకన్లు స్టెయిన్ చేసి లైట్ మైక్రోస్కోప్‌లో చూడండి. మీకు కావలసిన చోటు వచ్చిందా, కణజాలం చూడదగ్గదిగా ఉందా అన్నది ఈ దశలోనే తేలుతుంది. ఇక్కడే పాడుగా కనిపించే బ్లాకు మీద డైమండ్ నైఫ్ అరగదీయడం దండగ. గాజు కత్తులను ఏ రోజువి ఆ రోజే విరుచుకోండి, అంచు మొద్దుబారడానికి నిలవ ఉండటమే చాలు.

డైమండ్ నైఫ్ వరస ఇది:

1. కత్తి తొట్టి (కోసిన సెక్షన్లు తేలే నీటి గిన్నె) మీద రాసి ఉన్న క్లియరెన్స్ కోణం (కత్తి వెనుక వైపుకూ బ్లాకు ముఖానికీ మధ్య కోణం) పెట్టండి, మామూలుగా 6 డిగ్రీలు.
2. కింది నుంచి కాంతి వేసి, కత్తి అంచుకూ బ్లాకు ముఖంలో దాని ప్రతిబింబానికీ మధ్య కనిపించే వెలుగు గీత అటు నుంచి ఇటు దాకా ఒకే మందంలో ఉండేలా సరిచేయండి. గీత సన్నబడేదాకా దగ్గరకు తెచ్చి మళ్లీ సరిచూడండి.
3. తొట్టిని శుద్ధ జలంతో కొంచెం ఉబ్బెత్తుగా నింపి, అంచు తడిసేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత సిరంజితో నీటిని తీస్తూ, ఉపరితలం కాస్త పల్లమై వెండిలా మెరిసే చోట ఆపండి.
4. వేగం సెకనుకు 1 మి.మీ., మందం 70 నానోమీటర్లు.

మందాన్ని యంత్రం చూపే అంకెతో కాదు, నీటి మీద తేలే సెక్షన్ రంగుతో నిర్ణయించండి. బూడిద రంగైతే 60 నానోమీటర్ల లోపు, వెండి రంగు 60 నుంచి 90, బంగారు రంగు 90 నుంచి 150, ఊదా అంతకు మించి. మామూలు పనికి లేత వెండి చాలు. ముడుచుకున్న సెక్షన్లను విప్పడానికి క్లోరోఫాం తడిపిన వడపోత కాగితపు ముక్కను నీటికి కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో రెండు మూడు సెకన్లు పట్టుకోండి. తాకించొద్దు.

సెక్షన్లను జరపడానికి కనురెప్ప వెంట్రుకను సన్నని పుల్లకు అంటించి వాడటం పాతకాలపు పద్ధతి, నేటికీ దాన్ని మించింది లేదు. ఆ వెంట్రుకతో కత్తి అంచును మాత్రం తాకొద్దు.

కోతలో వచ్చే తప్పులను దిశను బట్టి విడదీయండి. కత్తి అంచుకు నిలువుగా, అంటే కోత నడిచే దిశలో గీతలు పడితే అవి నైఫ్ గుర్తులు: అంచున నలుసు, నెర్రె, లేదా కణజాలంలో గట్టి పదార్థం. కత్తిని పక్కకు జరిపి మళ్లీ కోస్తే గీత మాయమైతే తప్పు కత్తిది, అదే చోట నిలిస్తే బ్లాకుది. అంచుకు సమాంతరంగా, వెనీషియన్ బ్లైండ్ పట్టీల్లా చారలు వస్తే అది కంపనం, చాటర్ అంటారు. వరసగా చూడండి: బ్లాకు, హోల్డర్, కత్తి మరలు బిగుసుకున్నాయా, వేగం ఎక్కువా, క్లియరెన్స్ కోణం సరిగ్గా ఉందా, అంచు మొద్దుబారిందా, రెసిన్ మెత్తనా. పదింట ఆరేడుసార్లు మర వదులై ఉంటుంది.

ఒకటి మందంగా, ఒకటి పలచగా, ఒకటి అసలు రాకుండా పోతుంటే గాలి లేదా వేడి. ఏసీ గాలి తగులుతోందా, మీ ఊపిరి బ్లాకు మీద పడుతోందా చూడండి. దగ్గరగా కూర్చుని ఊదుతున్నట్టు శ్వాసించేవాళ్లకు ఇది ఎక్కువ. బ్లాకు ముఖం తడిసిపోతుంటే తొట్టిలో నీరు ఎక్కువై ఉంటుంది లేదా స్థిర విద్యుత్తు. ముఖాన్ని వడపోత కాగితంతో ఆరబెట్టి నీరు తగ్గించండి. తడి ముఖంతో కోత కొనసాగిస్తే సెక్షన్ కత్తి వెనక్కి లాక్కుపోతుంది.

పని అవగానే, సెక్షన్ ముక్కలు అంచు మీద ఎండకముందే, సరఫరాదారు ఇచ్చిన పాలీస్టైరీన్ పుల్లను నీటిలో ముంచి అంచు వెంట ఒకే దిశలో నడపండి. అంచుకు అడ్డంగా ఎప్పుడూ రుద్దొద్దు. ఎండిపోయిన చెత్త అంచుకు పట్టుకుంటే అదే తర్వాతి వ్యక్తికి నైఫ్ గుర్తవుతుంది.

స్టెయిన్

2% యురానిల్ అసిటేట్ మీద సెక్షన్లు ఎక్కించిన గ్రిడ్ పది పదిహేను నిమిషాలు, చీకట్లో. నీళ్లతో బాగా కడగడం. తర్వాత లెడ్ సిట్రేట్ మీద ఐదు నిమిషాలు. రేనాల్డ్స్ 1963లో ఇచ్చిన లెడ్ సిట్రేట్ ఇప్పటికీ అందరి చేతిలో ఉంది. లెడ్ నైట్రేట్ 1.33 గ్రాములు, సోడియం సిట్రేట్ 1.76 గ్రాములు 30 మి.లీ. నీటిలో వేసి ఒక నిమిషం గట్టిగా ఊపండి. అరగంట పాటు మధ్యమధ్య ఊపుతుంటే పాలలా తెల్లబడుతుంది. 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 8 మి.లీ. పోయగానే తేటబడాలి. నీటితో 50 మి.లీ. చేయండి, పీహెచ్ 12 దగ్గర ఉంటుంది. నీటిని ముందే మరిగించి మూతపెట్టి చల్లార్చి ఉండాలి.

ఆ మరిగించడం ఎందుకంటే, లెడ్‌కు కార్బన్ డయాక్సైడ్ తగిలితే లెడ్ కార్బనేట్ అవక్షేపమై సెక్షన్ మీద నల్లటి గుండ్రని మచ్చలు పడతాయి. పెట్రి డిష్‌లో పారాఫిల్మ్ (మైనపు పొర) పరిచి, చుట్టూ సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు కొన్ని తడిపి పెట్టి, మూత వేసి ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత లెడ్ చుక్కలు వేసి గ్రిడ్‌ను సెక్షన్ వైపు కిందికి ఉండేలా దించండి. మూత తీసినప్పుడు ఊపిరి బిగపట్టండి, ఇది హాస్యం కాదు. పలచని సోడియం హైడ్రాక్సైడ్‌తో ఒకసారి, మరిగించి చల్లార్చిన నీటితో మూడుసార్లు కడిగి, పట్టకారు నోటి మధ్య నిలిచిన నీటిని వడపోత కాగితంతో పీల్చండి. మచ్చలు పడిన గ్రిడ్ మరీ విలువైనదైతే పలచని అసిటిక్ ఆమ్లంతో కడిగి మళ్లీ స్టెయిన్ చేసి చూడొచ్చు, కొన్నిసార్లు కోలుకుంటుంది.

ఒక అలవాటు చేసుకోండి: ప్రతి బ్లాకు నుంచి ఒక గ్రిడ్‌ను స్టెయిన్ చేయకుండా పక్కన పెట్టండి. నల్ల చుక్కలు దానిలోనూ కనిపిస్తే అవి ఫిక్సేషన్, ఆస్మియం దశల్లో వచ్చినవి. దానిలో లేకపోతే స్టెయిన్‌వి. చుక్కలు కణజాలం దాటి ఖాళీ రెసిన్ మీద కూడా పడి ఉంటే దాదాపు ఖాయంగా స్టెయిన్‌దే తప్పు. వారం పాటు వాదించుకునే ప్రశ్నను ఈ ఒక్క గ్రిడ్ ఐదు నిమిషాల్లో తేల్చేస్తుంది.

వైరస్‌లు, ప్రొటీన్ల నెగటివ్ స్టెయిన్ (నమూనాను కాక దాని చుట్టూ ఉన్న చోటును ముదురు చేసే పద్ధతి) దారి వేరు, చాలా చిన్నది. కార్బన్ పూత గ్రిడ్‌ను గ్లో డిశ్చార్జ్ చేసి (విద్యుత్ ఉత్సర్గంతో దాని మీద నీరు పరుచుకునేలా చేసి), నమూనా 3 నుంచి 5 మైక్రోలీటర్లు ఒక నిమిషం ఉంచి, అంచు నుంచి వడపోత కాగితంతో పీల్చి, రెండు నీటి చుక్కల మీద తాకించి, 2% యురానిల్ అసిటేట్ మీద అర నిమిషం ఉంచి పీల్చేయండి. గ్లో డిశ్చార్జ్ మానేస్తే ద్రావణం పూసలా నిలబడి ఎక్కడో ఒక మూలే స్టెయిన్ పడుతుంది. నమూనా ఫాస్ఫేట్ బఫర్‌లో ఉంటే కడగకుండా యురానిల్ వేయొద్దు. గ్లిసరాల్, డిటర్జెంట్ ఉన్నా ముందు వదిలించుకోండి. ప్రొటీన్ గాఢత మి.లీ.కు 0.01 నుంచి 0.05 మిల్లీగ్రాముల మధ్య మొదలుపెట్టండి. ఎక్కువ పెడితే ఇసుక కుప్పలా కనిపిస్తుంది.

మైక్రోస్కోప్ దగ్గర

సెక్షన్లకు 80 కిలోవోల్టులు మంచి కాంట్రాస్ట్ ఇస్తాయి. ముందు తక్కువ మాగ్నిఫికేషన్‌లో, విస్తరించిన బీమ్ కింద సెక్షన్‌ను కాసేపు స్థిరపడనివ్వండి. ఒక్కసారిగా బీమ్ కేంద్రీకరిస్తే సెక్షన్ చిరిగిపోతుంది. ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో ఆస్టిగ్మాటిజం (చిత్రాన్ని ఒక దిశలో సాగదీసే లెన్సు లోపం) సరిచేసి, అసలు ఫోకస్‌కు కాస్త తక్కువలో ఫొటో తీయండి, అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. స్కేల్ బార్ నిజమా కాదా తెలియాలంటే కొలిచి చూడాల్సిందే: తక్కువ మాగ్నిఫికేషన్‌కు మి.మీ.కు 2160 గీతల క్రాస్ గ్రేటింగ్, ఎక్కువకు కాటలేజ్ అనే ఎంజైము స్ఫటికం. ఆ స్ఫటికంలో 8.75, 6.85 నానోమీటర్ల ఎడాలు కనిపిస్తాయి. చిత్రాలను టిఫ్‌గానే దాచండి, జేపెగ్‌లో సన్నని వివరాలు నలిగిపోతాయి.

తెలిసినది ల్యాబులో నిలిచేలా

ప్రతి విడతకూ ఒక కాగితం ఉండాలి. పెద్ద నోట్‌బుక్ కాదు, ఒక్క పేజీ. కణజాలం ఏది, తీసిన వేళ, ఫిక్సేటివ్‌లో పడిన వేళ, బఫర్ పీహెచ్, గ్లూటరాల్డిహైడ్, ఆస్మియం, రెసిన్ లాటు సంఖ్యలు, తెరిచిన తేదీలు, ప్రతి మార్పు జరిగిన అసలు వేళ. 'ప్రోటోకాల్ ప్రకారం' అని రాస్తే రాయనట్టే లెక్క. భోజనానికి వెళ్లి ఆల్కహాల్‌లో గంట ఎక్కువ వదిలేశారా, అదే రాయండి. సిగ్గుపడి దాచిన ఆ గంటే తర్వాత అందరూ వెతుకుతారు.

ప్రతి విడతలోనూ ఉమ్మడి కాలేయం ముక్క ఒకటి కలపండి, మీ కణజాలంతో పాటే నడవనివ్వండి. కాలేయం బాగుండి మీది పాడైతే లోపం మీ కణజాలం తీసిన తీరులో ఉంది. రెండూ పాడైతే ద్రావణాల్లో.

చెడ్డ చిత్రాలను చెరిపేయొద్దు. తప్పుల ఆల్బమ్ ఒకటి పెట్టండి: ఒక్కో తప్పుకు తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఒకటి, ఎక్కువలో ఒకటి; కింద నాలుగు వరసలు: ఏం కనిపించింది, ఏం అనుమానించారు, ఏం మార్చారు, మార్చాక పోయిందా లేదా. నాలుగో వరస లేని పేజీ ఊహ మాత్రమే, అలాగే గుర్తించి ఉంచండి. మంచి చిత్రాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. మీ ఓవెన్‌తో, మీ నీటితో, మీ కత్తితో వచ్చే తప్పులు మాత్రం ఈ ఆల్బమ్‌లోనే దొరుకుతాయి.

సాయం అడిగేటప్పుడు 'సెక్షన్లు బాగా రావడం లేదు' అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. విడత కాగితం, రెండు మాగ్నిఫికేషన్లలో చిత్రం, స్టెయిన్ చేయని గ్రిడ్ చిత్రం, సెక్షన్ రంగు, గీతలు ఏ దిశలో ఉన్నాయో చెప్పి అడగండి. జవాబు చెప్పేవాళ్లు కూడా ఒకేసారి మూడు మార్పులు సూచించొద్దు. ఒక్కటి మార్చి చూడమనండి. మూడూ మారిస్తే బాగుపడ్డా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

నేర్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోండి. రిబ్బన్ వంకరపోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టమే, కానీ మీరు చెయ్యి పెట్టి సరిచేస్తే వాళ్ల చేతికి అది రాదు. డైమండ్ నైఫ్ అంచుకు ప్రమాదం అనిపించినప్పుడు మాత్రమే ఆపండి. ఒకసారి చూసి, మీరు చూస్తుండగా తానే చేసి, మూడోసారి ఇంకొకరికి వివరించగలిగినవాళ్లకే ఒంటరిగా బుకింగ్ ఇవ్వండి. వివరించేటప్పుడే ఏది అర్థం కాలేదో బయటపడుతుంది.

ఉమ్మడి డైమండ్ నైఫ్‌కు ఒక రిజిస్టర్ తప్పనిసరి. 3 మి.మీ. అంచును ఎడమ, మధ్య, కుడి అని మూడు భాగాలుగా అనుకోండి. ఎడమది తొలి కోతలకు, మధ్యది సాధారణ పనికి, కుడిది ఫొటోలకు వాడే సెక్షన్లకు మాత్రమే. పేరు, తేదీ, బ్లాకు రకం, వాడిన భాగం, పని అయ్యాక శుభ్రం చేశారా, ఎక్కడైనా గీత కనిపించిందా అన్నది ప్రతిసారీ రాయాలి. గీత కనిపించిన చోటును అంచు ఎడమ కొస నుంచి మిల్లీమీటర్లలో గుర్తించండి. తర్వాత కోసేవాళ్లు ఆ చోటు తప్పించి పక్కకు జరుపుకుంటారు. ఎముక, ఇసుక రేణువులున్న వేళ్లు, ఖనిజాలు పేరుకున్న కణజాలం ఏదైనా సరే ఈ కత్తి దగ్గరకు రాకూడదని రిజిస్టర్ మొదటి పేజీలోనే రాసి పెట్టండి. అలాంటివాటికి పాత కత్తిని విడిగా కేటాయించండి.